నమూనా ఇంజనుకు నిజమైన మసి

కాజీపేట–సికింద్రాబాదు మార్గమునందలి రఘునాథపల్లి స్టేషను మీదుగా ఒకప్పుడు ఆవిరి ఇంజనులు పోవుచుండెడివి. మన దేశమున బ్రాడ్‌గేజి దారులపై వాని నిత్యసేవ 1995లో ముగిసినది. ఆ జ్ఞాపకముగా మేమొక డబ్ల్యు.పి. నమూనాను కొంటిమి. 1947లో మన దేశమునకు వచ్చిన, శంకువు వంటి ముక్కు గల ఇంజను అది. అంగడి మెరుపు పోవలెనని దాని ఒళ్లంతా నల్లరంగు పులిమితిమి. రఘునాథపల్లిలో విశ్రాంతి పొందుచున్న ఒక ఫైర్‌మాన్‌గారికి చూపగా, ఆయన నవ్వి, “ఇది పనిజేసిన ఇంజను కాదు సారూ, ఎవ్వలూ పట్టించుకోని ఇంజను” అనిరి.

సిగ్గుపడి, ఆ రంగు తీసివేసి మరల మొదలిడితిమి.

ప్రతి మరకకు ఒక కారణముండవలెను. మసి పొగగొట్టమునుండి వెనుకకు, బాయిలరు పైభాగమున పడును. నీరు ఆవిరికాగా సేఫ్టీ వాల్వుల క్రింద తెల్లని సున్నపు చారలు మిగులును. చక్రములకు దారి దుమ్ము, బ్రేకుల ఇనుప రజను ఎర్రగా అంటును. కడ్డీల కీళ్లవద్ద మాత్రము నూనె తడి మెరయవలెను.

విధానమిది: మొదట సబ్బునీటితో పైభాగపు జిడ్డు కడిగి, ఆరబెట్టి, మెరుపులేని వార్నిషు పలుచగా పూయవలెను. మోటారుకు గాని, పట్టాలను తాకు చక్రపుటంచులకు గాని ఏదియు అంటరాదు. పిమ్మట పలుచని గోధుమ, బూడిద రంగులు పూసి, ఆరకమునుపే గుడ్డతో పైనుండి క్రిందికి తుడువవలెను. వానచారలు అటులనే దిగును. టెండరులో నిజమైన బొగ్గునే నలగగొట్టి జిగురుతో అంటింపవచ్చును.

చివరకు, సిబ్బంది ఎక్కు మెట్ల ప్రక్కనున్న పట్టుకడ్డీలను శుభ్రముగా తుడిచితిమి. చేతులు పట్టినచోట మసి నిలువదు గదా! ఈసారి ఫైర్‌మాన్‌గారు ఏమియు అనలేదు. ఆ కడ్డీని మాత్రము వ్రేలితో ఒకమారు తాకిరి.