సేవ చేయువారి మనఃక్షేమము
(ఉపన్యాస పాఠము)



ఈ రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్ప నవకాశ మొసంగినందులకు కృతజ్ఞుడను. వృద్ధుల జబ్బులను గూర్చి మనము తరచు మాటాడుకొందుము. వారికి సేవ చేయువారి మనస్సును గూర్చి మాటాడుట యరుదు. నేడు వారిని గూర్చియే మనవి చేయదలచితిని.

వయసు మీరినవారికి మతి తప్పుట సహజమని పలువురు తలంతురు. అది సరికాదు. వైద్యులు దీనిని డిమెన్షియా యందురు. ఇది మెదడునకు వచ్చు వ్యాధి. ఇందు ముఖ్యమైన రకమును 1906లో జర్మను వైద్యుడు ఆల్జైమరు, మరణించిన యొక స్త్రీ మెదడును పరీక్షించి, తొలుత వివరించెను. మన దేశమున 60 ఏండ్లు పైబడిన ప్రతి 100 మందిలో 7గురికి పైగా ఈ వ్యాధి కలదని 2023లో ప్రకటితమైన యొక అధ్యయనపు టంచనా.

అన్నము తిని చేయి కడుగుకొనకముందే తనకు తిండి పెట్టలేదని పొరుగువారితో మొరపెట్టుకొను అత్తగారు, అర్ధరాత్రి గడియ తీసి వీధిన బడు మామగారు, కన్నకూతురిని "ఎవరమ్మా నీవు?" అని యడుగు తల్లి! వీరిని కనిపెట్టుకొని యుండు ఇల్లాలికి నిద్ర లేదు. పెండ్లి పేరంటములు లేవు. చుట్టపుచూపుగా వచ్చిన బంధువు "మాతో చక్కగానే మాటాడినారే!" యని నింద మోపి పోవును. ఒకనాడు ఆమెకు విసుగు పుట్టును, గొంతు పెరుగును. పిదప చాటున కన్నీరు పెట్టుకొనును. మనిషి కన్నులయెదుట నుండగనే ఆ మనిషిని పోగొట్టుకొను దుఃఖ మిది. దీనికి పరామర్శ చేయువారు లేరు.

ఆ విసుగు భక్తిలోపమని యెంచరాదు, అది అలసట. అశక్తులైన జీవిత భాగస్వామికి సేవ చేయుచు మిక్కిలి నలిగిన వృద్ధులలో, నాలుగేండ్ల కాలమున మరణాపాయము 63 శాతము హెచ్చుగా నుండెనని 1999లో అమెరికా పరిశోధకులు తెలిపిరి. ఆ దేశముననే న్యూయార్కు నగరమున సేవ చేయువారిని, వారి బంధువులను కలిపి కూర్చుండబెట్టి హితవు చెప్పి, పిమ్మటను తోడు నిలిచిరి. అందువలన రోగులు ఇంటనే యుండు కాలము ఏడాదిన్నర మేర పెరిగినట్లు 2006లో వెల్లడియైనది. ఆదరువు గల యింట రోగియు సుఖించును.

కావున, దూరముననున్న అన్నదమ్ములు డబ్బు పంపుటతో తృప్తిచెందక, ఏటికి కొన్నాళ్లయిన వచ్చి ఆ భారము తామే మోయవలెను. ఇరుగుపొరుగువారు వారమున కొకపూట రోగియొద్ద కూర్చుండవలెను. ఆ పూట ఆమె నిద్రించుగాక, గుడికి పోవుగాక, ఈ గ్రంథాలయమునకు వచ్చి పత్రిక చదువుకొనుగాక! మనసు మరీ క్రుంగినచో, 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ వారితో 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును, రుసుము లేదు.

మన గ్రామమున అట్టి యిల్లు ఏదో మనలో ప్రతివారికిని తెలియును. రేపు ఆ గడప తొక్కినపుడు రోగి క్షేమమడిగిన పిమ్మట, "నీ వెట్లున్నావమ్మా?" యని ఆ యిల్లాలినిగూడ అడుగవలసినదిగా ప్రార్థించుచు విరమించుచున్నాను.