సీటుకు ర్యాంకు ఒక్కటే చాలదు
(ఆత్మకూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు తప్ప వేరే మాట వినబడదని మా ఆవిడ ఎప్పుడూ అంటుంది. ఈసారి కార్యదర్శి గారు మనవల, మనవరాళ్ళ కాలేజీ సీట్ల గురించి మాట్లాడమన్నారు. నేను చదువు చెప్పినవాణ్ణి కాదు. జూనియర్ కాలేజీ ఆఫీసులో 35 ఏళ్ళు టి.సి.లు, స్టడీ సర్టిఫికెట్లు రాసినవాణ్ణి. కాబట్టి చదువు ఎలా చదవాలో చెప్పను. కాగితాల సంగతి చెబుతాను.

1986లో ఎంసెట్ మొదలైనప్పుడు నేను జూనియర్ అసిస్టెంటును. తరువాత మెడికల్ సీట్లు నీట్‌కు వెళ్ళిపోయాయి. 2021 నుంచి మన రాష్ట్రంలో దాని పేరు ఈఏపీసెట్ అయింది. పేరు మారినా, పరీక్ష కంప్యూటర్ మీదకు వెళ్ళినా, ఒక్క లెక్క మాత్రం అప్పటి నుంచీ అట్లాగే ఉంది. అదే లోకల్, నాన్‌లోకల్ లెక్క.

1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలు శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. ప్రకాశం నుంచి శ్రీకాకుళం దాకా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం. నూటికి 85 సీట్లు ఆ ప్రాంతం వాళ్ళకు, మిగిలిన 15 అందరికీ. రాష్ట్రం విడిపోయాక పదేళ్ళపాటు తెలంగాణతో ఉమ్మడిగా సాగిన ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. మన ఈ రెండు ప్రాంతాల లెక్క మాత్రం ఉంది.

ఇక్కడే మనవాళ్ళు పొరపడుతున్నారు. "మాది ఆత్మకూరు, మా నాయన ఆత్మకూరు, మా పొలం ఆత్మకూరు, మేం లోకల్ కాక ఇంకేమిటి?" అంటారు. పొలాన్ని ఎవరూ అడగరయ్యా! పిల్లవాడు ఎక్కడ చదివాడన్నదే అడుగుతారు. ఇంటర్ రెండో సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికి లోకల్. నాలుగేళ్ళు ఒకే ప్రాంతంలో లేకపోతే, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ళు చూస్తారు. ఆ ఏడేళ్ళూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ లోకల్.

మన సభ్యులొకరి మనవడి సంగతి చెబుతాను, పేరు అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఉదయగిరిలో చదివాడు. తొమ్మిదో తరగతికే విజయవాడ హాస్టల్లో వేశారు. ఇంటర్ కూడా అక్కడే. తిరుపతి ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీలో చేరాలని వాడి కోరిక. తాతగారు తహసీల్దారు ఆఫీసు నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చి నాకు చూపించారు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. సరిగ్గా నాలుగు. ఉదయగిరి పిల్లవాడు ఆంధ్రా ప్రాంతం లోకల్ అయిపోయాడు! తిరుపతిలో ఆ 15 సీట్ల వాటాలోనే పోటీ పడవలసి వచ్చింది, రాలేదు. గుంటూరు వైపు మంచి కాలేజీలోనే చేరాడు, నష్టపోయాడని అనను. కానీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియకుండా తొమ్మిదో తరగతిలోనే ఆ నిర్ణయం జరిగిపోయింది. అదీ నా బాధ.

అదే పదో తరగతి దాకా ఇక్కడ చదివి, ఇంటర్ ఒక్కటే విజయవాడలో చదివి ఉంటే? ఏడేళ్ళలో అయిదు మనవి, రెండు అక్కడివి. శ్రీవేంకటేశ్వర లోకల్‌గానే ఉండేవాడు. ఉదయగిరి అవతల పల్లెల వాళ్ళు ఇంకొకటి గమనించాలి. పామూరు మనకు పక్క ఊరే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు నెల్లూరు జిల్లాలోదే. కానీ ఇప్పుడు పామూరులో చదివిన ఏడాది ఆంధ్రా ప్రాంతం ఖాతాలో పడుతుంది. అదే బద్వేలులో చదివితే అది కడప కాబట్టి మన ప్రాంతమే. చెన్నైలో కొన్నేళ్ళు చదివించిన వాళ్ళు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఎక్కడా లోకల్ కాకుండా పోయిన పిల్లకాయలను నేను చూశాను. తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్ళు నివాసం ఉన్నట్టు పత్రం ఉంటే 15 శాతంలో పోటీకి వీలుంది. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకూ ఆ 15లో అవకాశం ఉంది. ఉద్యోగి అంటే తల్లి, తండ్రి సుమా. మన పీపీవో నంబరు అక్కడ పనికిరాదు.

పిల్లలను హైస్కూల్లోనే దూరం పంపితే ఇంకొక నష్టం కూడా ఉంది. 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలలో ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లకాయలకు 4 శాతం అదనంగా కలుపుతారు. ఇడుపులపాయ, ఒంగోలు మనకు దూరమేమీ కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో బాగా చదివే మనవరాలు ఉంటే ఆ దారి చూసి తరువాత మాట్లాడండి.

ఇక వెబ్ ఆప్షన్లు. పూర్వం కౌన్సెలింగ్ అంటే పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని, పులిహోర మూట కట్టుకుని బస్సెక్కేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుంటే సరి. సుఖమే కానీ, ఆ వరుస ఎందుకో ఎవరికీ తెలియడం లేదు. "పెద్ద కాలేజీ పైన పెడితే మన ఛాన్సు పోతుంది, వచ్చేదే మొదట పెట్టాలి" అని ఒకాయన మొన్న నాతో వాదించాడు. తప్పు. మన ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మన జాబితాను పై నుంచి కిందికి చూస్తూ వస్తుంది. మన కేటగిరీలో ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. పైది లేకపోతే కిందికి దిగుతుంది, అంతే. కాబట్టి అందని కాలేజీ పైన పెడితే పోయేదేమీ లేదు. అందేది పైన పెడితే మాత్రం అంతకన్నా మంచిది చేజారుతుంది. పది పేర్లు పెట్టి ఆపకండి, ఇష్టమైన వరుసలో ఎన్నయినా పెట్టండి. రెండో విడతలో మాత్రం చేతిలో ఉన్న సీటు కంటే మెరుగైనవే పెట్టాలి. ఎందుకంటే కొత్తది వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది.

ఈ రోజుల్లో కొన్ని కాలేజీల మనుషులు ఫలితాలు రాకముందే ఇళ్ళకు వస్తున్నారు. "ఆప్షన్లు మేమే పెడతాం, పాస్‌వర్డు ఇవ్వండి, ఒరిజినల్స్ ఇవ్వండి" అంటారు. మా వీధిలో ఒకరు ఇచ్చారు. జాబితాలో ఒక్క కాలేజీ పేరే ఉంది! అదృష్టవశాత్తూ గడువు ముగియలేదు కాబట్టి సరిదిద్దుకున్నారు. బ్యాంకు పాస్‌బుక్కు ఎవరికీ ఇవ్వని మనం మనవడి పాస్‌వర్డు ఎందుకివ్వాలి? ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర పెట్టుకోరాదని 2016లో యు.జి.సి. నోటిఫికేషన్ ఇచ్చింది. అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి. పైగా ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు 70, మేనేజ్‌మెంట్ సీటు 30. వాళ్ళు తొందరపెట్టేది రెండోదానికి అయితే ఫీజు రీయింబర్స్‌మెంటు ఆశ వదులుకోవలసిందే.

అమ్మానాన్నలకు ఉద్యోగాలు, పొలం పనులు. మనకు సమయముంది, ఫైలు తిరగేసే అలవాటూ ఉంది. ఈ సెలవుల్లోనే ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అన్నీ తెప్పించండి. మూతబడిన ప్రైవేటు బడి అయితే మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి, చివరి రోజు దాకా ఆగితే దొరకదు. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోయాయో లేదో అద్దాలు పెట్టుకుని చూడండి. నిబంధనలు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడు నోటిఫికేషన్ కూడా చదవండి.

స్టడీ సర్టిఫికెట్ నమూనా యాభై కాపీలు తీయించి కార్యదర్శి గారి బల్ల మీద పెట్టాను. మీ పిల్లకాయల తరగతులు, ఊళ్ళు ఒక కాగితం మీద వరుసగా రాసి తెస్తే, టీ తాగుతూ ఎవరు ఏ ప్రాంతం లోకలో ఇక్కడే కూర్చుని లెక్క చూద్దాం.