సైనికుడి గుర్రం ఎవరు కొనాలి? బైజాంటైన్ థేమాల కథ

ఈరోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. సైనికుడి గుర్రం చచ్చిపోతే కొత్త గుర్రం ఎవరు కొనాలి? ప్రభుత్వమే కదా అంటారు మీరు. పన్నెండు వందల ఏళ్ల కిందట బైజాంటైన్ రాజ్యంలో మాత్రం చాలామంది సైనికులకు వచ్చే జవాబు వేరు. నీ గుర్రం నువ్వే తెచ్చుకో. ఆ రాజ్యం ఎలా నిలబడిందో, తర్వాత ఎక్కడ దెబ్బతిందో ఈ జవాబులోనే చాలావరకు దొరుకుతుంది.

ముందు కొంచెం నేపథ్యం. బైజాంటైన్ అంటే కాన్‌స్టాంటినోపుల్, అదే ఇప్పటి ఇస్తాంబుల్, రాజధానిగా సాగిన తూర్పు రోమన్ రాజ్యం. 636లో యార్ముక్ యుద్ధంలో అరబ్బుల చేతిలో ఓడిపోయింది. సిరియా పోయింది, కొన్నేళ్లకే ఈజిప్టు కూడా పోయింది. రాజధానికి గోధుమలు పంపింది ఈజిప్టే, ఖజానా నింపిందీ అదే. సైన్యాలు మిగిలాయి గానీ జీతాలివ్వడానికి డబ్బు లేదు.

ఆ సైన్యాలు వెనక్కి జరిగి ఇప్పటి టర్కీలో సర్దుకున్నాయి. ఏ సైన్యం ఎక్కడ దిగితే ఆ ప్రాంతానికి దాని పేరే వచ్చింది. తూర్పు సైన్యం ఉన్నచోటు అనటోలికోన్. ఆర్మీనియా సైన్యం ఉన్నచోటు ఆర్మేనియాకోన్. థ్రేస్ నుంచి వచ్చినవాళ్లది థ్రకేసియోన్. చక్రవర్తి సొంత దళానిది ఒప్సికియోన్. వీటినే థేమాలు అన్నారు. హెరాక్లియస్ చక్రవర్తి ప్లాన్ వేసి సైనికులకు భూములు పంచాడని ఒకప్పటి చరిత్రకారులు రాశారు. ఇది అవసరం కొద్దీ నెమ్మదిగా ఏర్పడిందని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

థేమాకి అధిపతి స్ట్రాటెగోస్. కాలక్రమంలో సైన్యమూ పరిపాలనా రెండూ ఇతని చేతికే వచ్చాయి. మన కలెక్టరు పనీ సైన్యాధిపతి పనీ ఒకే మనిషి చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. శత్రువు వస్తే రాజధాని నుంచి ఉత్తరం కోసం ఎదురుచూడక్కర్లేదు. కానీ అంత బలం ఉన్నవాడు సింహాసనం వైపు చూడడా? చూశాడు! అనటోలికోన్ స్ట్రాటెగోస్ లియో 717లో తానే చక్రవర్తి అయిపోయాడు. 742లో ఒప్సికియోన్ అధిపతి అర్తవాస్దోస్ అదే ప్రయత్నం చేసి ఓడాడు. దాంతో ఒప్సికియోన్‌ని ముక్కలు చేశారు.

సరే, పెద్దవాళ్ల సంగతి అది. ఇప్పుడు మామూలు సైనికుడి దగ్గరికి వద్దాం. ఫిలారెటోస్ అనే ఆయన జీవితకథని ఆయన మనవడే రాశాడు. ఎనిమిదో శతాబ్దం, ఊరి పేరు అమ్నియా. ఒకప్పుడు ఆస్తిపరుడు. అరబ్బుల దాడులూ చేతికి ఎముక లేని దానగుణమూ కలిసి ఆస్తి కరిగిపోయింది. మిగిలిన పొలాలు చుట్టుపక్కల బలవంతులు ఆక్రమించుకున్నారు. కొద్దిపాటి పశువులు, ఒక గుర్రం మిగిలాయి. సైన్యం లెక్కలు చూసే రోజున మౌసేలియోస్ అనే పేద సైనికుడి గుర్రం చచ్చిపోయింది. కొత్తది కొనే స్తోమత లేదు, పైఅధికారి ఊరుకోడు. పారిపోవడం తప్ప దారి లేదు అనుకున్నాడు. ఫిలారెటోస్ తన గుర్రాన్ని అతనికి ఇచ్చేశాడు.

అందరూ దీన్ని దానం కథగా చదువుతారు. నాకు మాత్రం ఇందులో ఒక రాజ్యం లెక్క కనిపిస్తుంది. సరిహద్దు కాపలా అంతా ఒక చిన్న కుటుంబం గుర్రం కొనగలదా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది.

పదో శతాబ్దంలో ఏడో కాన్‌స్టంటైన్ చక్రవర్తి దీన్నే చట్టంలో పెట్టాడు. గుర్రపు సైనికుడి కుటుంబానికి కనీసం 4 పౌండ్ల బంగారం విలువైన భూమి ఉండాలి, దాన్ని అమ్మకూడదు అన్నాడు. 4 పౌండ్లంటే 288 బంగారు నాణేలు, సుమారు కిలోంపావు బంగారం.

ఆ చట్టం ఎందుకు అవసరం అయిందో చూడండి. 927-928 చలికాలం భయంకరంగా వచ్చింది, కరువు పడింది. జనం తిండి కోసం పొలాలు అయినకాడికి అమ్ముకున్నారు. కొన్నవాళ్లు ఎవరు? అధికారులు, పెద్ద కుటుంబాలు, మఠాలు. అప్పటి చక్రవర్తి రోమనోస్ లెకాపెనోస్ 934లో చట్టం తెచ్చాడు. న్యాయమైన ధరలో సగానికన్నా తక్కువకి కొన్న భూమిని డబ్బు వాపసు అడగకుండా తిరిగిచ్చేయాలి. 996లో రెండో బాసిల్ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నలభై ఏళ్లు చేతిలో ఉంచుకుంటే భూమి సొంతమవుతుందన్న వెసులుబాటుని ఇలాంటి భూముల విషయంలో తీసేశాడు. ఆ చట్టంలోనే ఫిలోకాలెస్ అనే ఆయన సంగతి ఉంది. పేద రైతుగా పుట్టి పెద్ద హోదాకి ఎదిగి, తన ఊరినంతా మింగేశాడు. బాసిల్ అతని మేడలు నేలమట్టం చేయించి, ఊరి భూమి ఊరికి ఇచ్చి, అతన్ని మళ్లీ మామూలు రైతుని చేశాడు.

ఇన్నిసార్లు చట్టం చేశారంటేనే అర్థం కావాలి, అది సరిగా అమలు కాలేదని. పదకొండో శతాబ్దంలో చాలాచోట్ల సైనిక సేవ బదులు పన్ను కట్టించుకుని, ఆ డబ్బుతో కిరాయి సైనికుల్ని పెట్టుకున్నారు. 1071లో మంజికెర్ట్ దగ్గర సెల్జుక్ తుర్కుల చేతిలో ఓటమి. తర్వాత పదేళ్లు అంతర్యుద్ధాలు. అంతలో అనటోలియాలో చాలా భాగం చేజారింది. కారణం భూమి ఒక్కటే అని నేననను. కానీ పాత థేమాల్లో సొంత పొలం కోసం గుర్రమెక్కే మనిషి అప్పటికే చాలా తగ్గిపోయాడు.

అందుకే ఎక్కడైనా ఒక పెద్ద రాజ్యం కూలిన కథ వింటే, ఏ యుద్ధంలో ఓడింది అని ఒక్కటే అడగకండి. దానికి పాతికేళ్లు, యాభై ఏళ్ల ముందు అక్కడి చిన్న రైతు పొలం ఎవరు కొన్నారో కూడా అడగండి.

ఇవాల్టికి ఇంతే. మళ్లీ కలుద్దాం, ఉంటాను.