పాలారు తీరమున నష్టపరిహారము



గుడియాత్తమున మగ్గముపై నేసిన కొలది దొరకునది కూలి. అధికముగ నేసినందుకు ఇచ్చునది ప్రోత్సాహకము. పనిలో చేయి విరిగినచో రావలసినది నష్టపరిహారము. మొదటి రెండును శ్రమకు ఫలము, మూడవది కోలుపోయినదానికి బదులు.

భూమికిని ఈ న్యాయము కలదు. తోళ్ల కార్ఖానాల మురుగుచే పాలారు తీరమున బావులు, పొలములు చెడగా, వేలూరు పౌర సంక్షేమ వేదిక వ్యాజ్యమున, కలుషితము చేసినవారే నష్టమును భరింపవలెనని 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. పరిహారమందని కుటుంబములకు ఆరు వారములలో చెల్లింపుమని 2025 జనవరి 30న అదే న్యాయస్థానము రాష్ట్ర ప్రభుత్వమును ఆదేశింపవలసివచ్చెను.

కావున తీరభూములుగల మనవారు పట్టాలను, వారసత్వపత్రములను భద్రపరచుకొందురుగాక! ధనము పోయిన పంటకు బదులగును. చెడిన నదికి కాజాలదు. నీటిని శుద్ధిచేయించుటయే నిజమైన పరిహారము.