పెద్ద తెర



పసుపును క్వింటాళ్లలో తూచుటకు అలవాటుపడిన ఆర్మూరువారికి ఈ లెక్క సుబోధము. 1980 దశాబ్ది చివర జపానుదేశపు సోనీ సంస్థ 43 అంగుళముల తెరగల గాజుగొట్టపు టెలివిజనును నిర్మించెను. దాని బరువు సుమారు 2 క్వింటాళ్లు. 1990లో అమెరికాయందు దాని వెల 40,000 డాలర్లు. పిక్చరుట్యూబులోపల గాలి యుండదు. వెలుపలిగాలి చదరపు సెంటీమీటరునకు 1 కిలో చొప్పున గాజును ఒత్తుచుండును. అంతటి తెరపై ఆ ఒత్తిడి 50 క్వింటాళ్లను మించును. దానిని తట్టుకొనుటకే గాజు అంత మందము కావలసివచ్చెను. వెల చెల్లింపగలవారికే అది దక్కెను.

కాని తెరను అంగుళములతోనే కొలువవలెనా? 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము, ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహముద్వారా ప్రసారములు సాగెను. పెట్టెలను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసెను. పెట్టె ఒక్కటి, చూచువారు ఊరివారెల్లరు. గడువు తీరగనే, ఎరవుగా వచ్చిన ఆ అమెరికా ఉపగ్రహము మరలిపోయెను. పెక్కు పల్లెలలో తెర చీకటియయ్యెను.

పదిమందిదైన వస్తువు నిలువవలెనన్న, దాని పోషణయు పదిమందిదే కావలెను. పాతికేండ్లుగా ఈ గ్రంథాలయమున దీపము ఆరలేదన్న, అది ఎరవు వెలుగు కాకుండుటచేతనే.