నొప్పి తగ్గించమని అడిగే హక్కు

(చిల్కూరులో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటిసారి వచ్చినప్పుడు పూలతోటలో కూలికి వెళ్ళే ఒక అక్క నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది: "గంజాయి నూనె తాగితే క్యాన్సర్ పోతదంట, నిజమేనా మేడం?" ఆమె చెల్లెలికి గర్భసంచి ముఖద్వార క్యాన్సర్. రేడియేషన్ మాన్పించి, ఆ డబ్బుతో నూనె సీసా కొనాలని ఇంట్లో మగవాళ్ళు అనుకుంటున్నారు. రోగిని ఎవరూ అడగలేదు.

గంజాయి క్యాన్సర్‌ను నయం చేస్తుందనడానికి మనుషుల మీద జరిగిన పరీక్షల్లో రుజువు లేదు. చికిత్స మానితే ప్రాణానికే ముప్పు. అయితే కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులు ఇతర మందులకు తగ్గనప్పుడు, గంజాయిలోని మత్తు పదార్థం ఆధారంగా ప్రయోగశాలలో తయారుచేసిన డ్రోనబినాల్, నాబిలోన్ అనే మందులు పనికొస్తాయి. అమెరికా వాటిని 1985లో అనుమతించింది. సరిగ్గా అదే ఏడాది మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. ఆ చట్టం కూడా వైద్య అవసరాలకు తలుపు మూయలేదు. 2020లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత కఠినమైన జాబితా నుంచి తీసేసినప్పుడు భారతదేశం అనుకూలంగానే ఓటు వేసింది.

కానీ భరించలేని క్యాన్సర్ నొప్పికి ప్రధానమైన మందు మార్ఫిన్. అది నల్లమందు నుంచి వస్తుంది. నల్లమందు పంట మన దేశంలోనే పండుతుంది. అయినా లైసెన్సుల చిక్కులకు, శిక్షలకు భయపడి ఎన్నో ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచడం మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలు సులువు చేశారు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది. చట్టం మారినంత త్వరగా మనసులు మారలేదు.

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు ఒక డాక్టరు, "అలవాటైపోతుంది, ఓర్చుకోమనండి" అన్నాడు. చావుకు దగ్గరైన మనిషికి అలవాటు భయమేమిటి? పురిటి నొప్పి నుంచి చివరి నొప్పి దాకా ఆడదానికి సమాజం నేర్పేది ఓర్పే. ఆ రోజు నేనూ ఎదురు ప్రశ్న వేయలేకపోయాను. ఇంత చదువూ ఎందుకూ పనికిరాలేదు.

అందుకే అడుగుతున్నాను. మీ ఊళ్ళో మంచం పట్టిన క్యాన్సర్ రోగులు ఎందరు? వాళ్ళలో నొప్పికి మందు అందుతున్నది ఎందరికి? ముందు ఆ లెక్క తీద్దాం. మార్ఫిన్ ఎందుకు లేదని ఆస్పత్రిని అడుగుదాం.

వచ్చే సోమవారం ఆ అక్కాచెల్లెళ్ళతో నేను ఆస్పత్రికి వెళ్తున్నాను. మీలో ఎవరు వస్తారు?