యు-180 సర్వీసు రిజిస్టరు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న 1982 నాటి నకారా కేసు తీర్పును తలచుకోవడం మన ఆనవాయితీ. దాని గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. నన్ను ఏదైనా కొత్త సంగతి చెప్పమన్నారు కార్యదర్శిగారు. మనం సముద్రం మొహం చూడని కర్నూలు, కడప జిల్లాల వాళ్లం. మనకు తెలిసిన నీళ్లు తుంగభద్ర, కె.సి. కాలువ. అవీ వచ్చిన ఏడాదే! అయినా ఈరోజు ఒక జర్మనీ జలాంతర్గామి సంగతి చెబుతాను. ముప్పై ఏళ్లకు పైగా సర్వీసు రిజిస్టర్లు రాసినవాణ్ణి గనుక అదే పద్ధతిలో చెబుతాను.

పేరు యు-180. జర్మనీలోని బ్రెమెన్ నగరంలో కట్టారు. నౌకాదళంలో చేరిన తేది 16-5-1942. పొడవు సుమారు 87 మీటర్లు. మొదటి కమాండరు వెర్నర్ ముసెన్‌బర్గ్. వేగం కోసం దీనికి ఆరు డీజిల్ ఇంజన్లు బిగించారు. అవి వేగంతోపాటు పొగనూ, ఉడుకునూ కూడా బాగానే ఇచ్చాయి.

మొదటి డ్యూటీ 9-2-1943న. కీల్ రేవు నుంచి బయలుదేరినప్పుడు అందులో ఇద్దరు భారతీయులున్నారు. ఒకరు నేతాజీ సుభాష్ చంద్రబోస్. రెండవవారు మన హైదరాబాదు వాసి ఆబిద్ హసన్. జర్మనీలో ఇంజనీరింగు చదువుకుంటూ, నేతాజీ పిలుపు విని చదువు వదిలి వెంట నడిచినవాడు.

లోపల నిటారుగా నడవడానికి చోటు లేదు. తిండికి, బట్టకు, దుప్పటికి అన్నిటికీ డీజిలు వాసనే. నేతాజీకి ఆ రొట్టె, మాంసం సయించలేదు. హసన్ వెతికి వెతికి కాసింత బియ్యం, పప్పు సంపాదించి కిచిడీ వండిపెట్టాడు. నేతాజీ దాన్ని జర్మనీ అధికారులకు కూడా పంచుతుంటే, ఉన్నది కాస్తా అయిపోతుందని హసన్‌కు దిగులు.

నేతాజీ పుస్తకానికి సవరణలు చెబుతుంటే హసన్ రాసుకునేవాడు. అంటే మన భాషలో స్టెనో డ్యూటీ. ఒకసారి శత్రువుల ఓడ ఒకటి మీదికి దూసుకొచ్చింది. అందరి ప్రాణాలూ గొంతులోకి వచ్చాయి. ఆ గడబిడలో నేతాజీ మాత్రం, ఒకే మాట రెండుసార్లు చెప్పినా ఎందుకు రాసుకోలేదని హసన్‌ను అడిగారట. ఇది హసనే తర్వాత చెప్పుకున్న సంగతి. అంతకన్నా చిన్న కారణాలకే నా చేతిలో కలం ఆగిపోయిన రోజులున్నాయి.

దారిలో ఏప్రిల్ 18న ఈ పడవ కార్బిస్ అనే బ్రిటిషు చమురు ఓడను ముంచింది. ఆ ఓడలో పోయినవాళ్లూ పెళ్లాంబిడ్డలున్నవాళ్లే. రిజిస్టరులో మంచి ఎంట్రీ ఒక్కటే రాసి మిగిలినవి వదలకూడదు గనుక ఇదీ చెబుతున్నాను.

78 రోజుల ప్రయాణం తర్వాత, 28-4-1943న, మడగాస్కరుకు ఆగ్నేయంగా నడిసముద్రంలో, నేతాజీ, హసన్ రబ్బరు తెప్ప మీద తడిసిపోతూ జపానువారి ఐ-29 జలాంతర్గామిలోకి మారారు. అందులో మే నెలలో సుమత్రా దగ్గరి సబాంగ్ చేరారు. ఆజాద్ హింద్ ఫౌజు చరిత్ర అక్కడి నుంచి మీ అందరికీ తెలిసిందే.

యు-180 జులై మొదట్లో ఫ్రాన్సులోని బోర్డో రేవుకు తిరిగొచ్చింది. ఇంజన్లు మార్చి, దాన్ని సరుకులు మోసే పడవగా చేశారు. 1944 ఆగస్టులో బోర్డో నుంచి తూర్పు దిక్కుకు బయలుదేరింది. మళ్లీ కబురు లేదు. మొత్తం 56 మంది. సముద్రంలో పెట్టిన మందుపాతర తగిలి మునిగిందని చాలాకాలం రాసుకున్నారు. అది రుజువు కాలేదు. చివరి ఎంట్రీలో "కారణం" గడి ఖాళీ.

అయ్యా, ఆ ఖాళీ గడే ఈ ప్రసంగానికి కారణం. నేను యు.డి.సి.గా ఉన్నప్పుడు ఒక నాలుగో తరగతి ఉద్యోగి ఇంటి నుంచి వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షను కోసం అర్జీ ఇచ్చింది. "మరణ ధ్రువపత్రం జతపరచలేదు" అని రాసి తిప్పి పంపాను. రూలు ప్రకారం సరిగానే రాశాను. రెండోసారి వచ్చినప్పుడు ఆమె, "సామీ, మా ఇంటాయన సచ్చిపోయినాడని నా చేతుల్తో నేనెట్ల రాసిచ్చేది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది. పోలీసు రిపోర్టు తెచ్చుకోమని, ఫలానా చోటికి వెళ్లమని మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నేను అడ్డంకి మాత్రం రాశాను, దారి రాయలేదు. ఆమెకు పెన్షను వచ్చేటప్పటికి పెద్దపిల్లవాడు బడి మాని కూలికి పోతున్నాడు.

ఆ 56 మంది ఇళ్లలోనూ ఇలాగే గుమ్మం వైపు చూసినవాళ్లు ఉండి ఉంటారు. దేశం వేరు, పక్షం వేరు. ఎదురుచూపు ఒక్కటే.

అందుకే పెద్దలకు నా మనవి. ఈ సాయంత్రం ఇంటికి పోగానే పి.పి.ఓ. బయటికి తీయండి. భార్య పేరు, పుట్టిన తేది సరిగా ఉన్నాయేమో చూడండి. ఆ కాగితం ఏ పెట్టెలో ఉందో ఆమెకు చూపించండి. మన తర్వాత ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. మన సంఘం ఆఫీసుకు ఏ చెల్లెమ్మయినా కాగితాలతో వస్తే, లేనిదేమిటో చెప్పి ఊరుకోకుండా, అది ఎక్కడ దొరుకుతుందో కూడా చెబుదాం.

ఆబిద్ హసన్ స్వాతంత్ర్యం తర్వాత విదేశాంగ శాఖలో పనిచేసి, రిటైరై హైదరాబాదు చేరి, 1984లో కన్నుమూశారు. ఆయనా మనలాగే సర్కారు కొలువు చేసి రిటైరైనవాడే. మనం సభ చివర పలికే మాటను రూపొందించింది ఆయనే అంటారు. ఆ మాటతోనే సెలవు తీసుకుంటాను.

జైహింద్.